సైకిలు యాత్రకు బయలుదేరుతున్నారా? ఒంట్లో సంగతి దాచకండి

సైకిలు మన ఇళ్ళకు కొత్త వస్తువు కాదు. పాలక్యాన్లు మోసింది, గడ్డిమోపులు మోసింది, తపాలా సంచీ మోసింది. ముందు కడ్డీమీద ఒకరిని, వెనక క్యారియరుమీద ఒకరిని ఎక్కించుకుని సినిమాహాలుదాకా మోసింది. గంటకింత అని అద్దె సైకిలు తెచ్చుకుని, మోకాళ్ళు చెక్కుకుపోయేలా నేర్చుకున్నవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. తరవాత స్కూటర్లూ, మోటారు సైకిళ్ళూ వచ్చి దాన్ని వసారా మూలకు నెట్టేశాయి. ఇప్పుడు అదే సైకిలు వ్యాయామం పేరిట, విహారం పేరిట మళ్ళీ వీధిలోకి వస్తున్నది. వైద్యుడిగా నాకు సంతోషమే. గుండెకూ, కండరాలకూ, మధుమేహానికీ, మనసుకూ మేలుచేసే వ్యాయామాల్లో సైకిలు తొక్కడం ఒకటి. నడకలోలాగా ఒంటి బరువంతా మోకాళ్ళమీద పడదు గనుక, కాస్త వయసు మీరినవారికి కూడా అనువైనది.

అయితే ఆదివారం ఉదయం 20 కిలోమీటర్లు తొక్కివచ్చి టిఫిను తినడం ఒక సంగతి. పదిమంది కలిసి, రోజుల తరబడి, ఒక సముద్రపుటొడ్డు నుంచి మరో సముద్రపుటొడ్డుకు తొక్కుకుంటూ పోవడం వేరే సంగతి. ఇటువంటి యాత్రలు పరదేశాల్లో చాలాకాలంగా ఉన్నాయి. అమెరికాకు స్వాతంత్ర్యం వచ్చి 200 ఏళ్ళయిన సందర్భంగా 1976లో సుమారు 4,000 మంది ఒక మహా సైకిలు యాత్రలో పాల్గొన్నారు. పసిఫిక్ తీరాన ఆరిగన్ రాష్ట్రంలోని ఆస్టోరియానూ, అట్లాంటిక్ వైపు వర్జీనియా రాష్ట్రంలోని యార్క్‌టౌన్‌నూ కలిపే ఆ దారి పొడవు సుమారు 6,800 కిలోమీటర్లు. ఇంగ్లండులో 1994లో ప్రారంభించిన తీరం నుంచి తీరానికి దారి 225 కిలోమీటర్లే. పడమట వైట్‌హేవెన్ వద్ద వెనక చక్రాన్ని సముద్రంలో తడిపి బయలుదేరి, మూడు నాలుగు రోజుల్లో తూర్పున టైన్‌మౌత్‌కో, సండర్లాండ్‌కో చేరి, ముందు చక్రాన్ని అక్కడి సముద్రంలో తడపడం అక్కడి ఆనవాయితీ.

మన దేశంలోనూ ఆ సరదా మొదలైంది. ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం చూడండి. ఆమె భర్తకు 47 ఏళ్ళు. ఆరేళ్ళుగా షుగరు వ్యాధి ఉంది, రెండు రకాల మాత్రలు వాడుతున్నారు. ఆఫీసులోని ఎనిమిదిమంది కలిసి డిసెంబరులో బందరు దగ్గరి మంగినపూడి బీచి నుంచి మహారాష్ట్రలోని అలీబాగ్ సముద్రతీరం దాకా పదిరోజుల్లో సైకిళ్ళమీద వెళ్ళాలని నిశ్చయించుకున్నారట. "తనకు షుగరు ఉందని మిగతావాళ్ళకు తెలియదు. చెబితే తీసుకువెళ్ళరని నన్ను కూడా నోరెత్తవద్దన్నారు. పంపమంటారా, ఆపమంటారా?" అని ఆమె ప్రశ్న.

అమ్మా, పంపండి. కాని నోరెత్తి పంపండి. మీ ఒక్కరికే కాదు, ఇటువంటి యాత్రకు సిద్ధపడే ప్రతివారికీ, వారిని సాగనంపే ఇల్లాళ్ళకూ, తల్లిదండ్రులకూ నేను చెప్పదలచిన మొదటి మాట అదే. సుదూర సైకిలు యాత్రలో మనిషిని ఆస్పత్రికి చేర్చేది కొండా కాదు, ఎండా కాదు. చాలాసార్లు చేర్చేది మొహమాటం.

మూడో రోజు మర్మం

ముందుగా ఒక శరీరధర్మం తెలుసుకోండి. కండరాలు పనిచేయడానికి కావలసిన చక్కెరను శరీరం గ్లైకోజన్ అనే రూపంలో కండరాల్లోనూ, కాలేయంలోనూ నిలవచేసుకుంటుంది. నాలుగైదు గంటలు సైకిలు తొక్కితే ఆ నిలవ చాలావరకు ఖర్చయిపోతుంది. తిరిగి నిండడానికి మంచి భోజనంతోపాటు సుమారు ఒక రోజు వ్యవధి కావాలి. పైగా అలవాటులేని శ్రమవల్ల కండరాల పోగుల్లో సూక్ష్మమైన గాయాలు ఏర్పడతాయి. ఆ నొప్పి ఆరోజు తెలియదు. మరునాడూ, ఆ మర్నాడూ బయటపడుతుంది. అందుకే మొదటిరోజు అందరూ పాటలు పాడుకుంటూ పోతారు. రెండోరోజు మాటలు తగ్గుతాయి. మూడోరోజు ఎవరి సైకిలు వాళ్ళకు బరువవుతుంది. నిలవ నిండలేదు, గాయం మానలేదు, నిద్ర చాలలేదు. అయినా జట్టు ముందుకు పోతూనే ఉంటుంది.

ఒంటరిగా తొక్కేవాడికి అలసట వస్తే చెట్టుకింద ఆగుతాడు. జట్టులో ఉన్నవాడు ఆగడు. నావల్ల పదిమందికి ఆలస్యమని జంకుతాడు. ముందు పోతున్న పాతికేళ్ళ కుర్రాడిని చూసి పళ్ళబిగువున తొక్కుతాడు. కళ్ళు తిరుగుతున్నా చెప్పడు, సీటు దగ్గర పుండు పడినా చెప్పడు, మూత్రం ఎర్రగా పోతున్నా చెప్పడు. చెబితే ఒక పూట విశ్రాంతితో పోయేది, చెప్పకపోతే సెలైను సీసాదాకా పోతుంది.

కనుక దారి లెక్క వేసేటప్పుడే శరీరం లెక్క కూడా వెయ్యాలి. మచిలీపట్నం నుంచి విజయవాడ, సూర్యాపేట, హైదరాబాదు, జహీరాబాదు, షోలాపూరు మీదుగా పూనాదాకా పోయే 65వ నంబరు జాతీయ రహదారి పొడవు 841 కిలోమీటర్లు. అక్కడినుంచి లోనావలా, ఖోపోలీ, పేణ్ మీదుగా అలీబాగ్‌కు మరి 140 కిలోమీటర్ల పైచిలుకు. మొత్తం సుమారు 980 కిలోమీటర్లు, నాలుగు రాష్ట్రాలు. పదిరోజుల్లో అంటే ఒక్కరోజు కూడా విశ్రాంతి లేకుండా రోజుకు నూరు చొప్పున పడుతుంది. ఉద్యోగాలు చేసుకునే మధ్యవయస్కులకు ఇది తగదు. 12 రోజుల ప్రయాణం, హైదరాబాదులో ఒకటి, షోలాపూరులో ఒకటి చొప్పున రెండు రోజుల విశ్రాంతి, మొత్తం 14 రోజులు పెట్టుకోండి. అప్పుడు రోజుకు సగటున 80 చిల్లర కిలోమీటర్లు వస్తాయి. మొదటిరోజు విజయవాడ వరకు, అంటే 70 కిలోమీటర్లతో సరిపెట్టండి. ఉత్సాహం ఉన్నదికదా అని రెండింతలు తొక్కవద్దు. హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. అంటే విజయవాడ దాటాక దారి మొత్తంమీద పైకే పోతుంది. ఆ ఎత్తు కంటికి కనిపించదు, తొడలకు తెలుస్తుంది.

సాధన సంగతి. కనీసం ఎనిమిది వారాల ముందు మొదలుపెట్టండి. వారం వారం దూరాన్ని కొద్దికొద్దిగా, నూటికి పదివంతులకు మించకుండా పెంచండి. చివరి వారాల్లో వరసగా రెండు రోజులు, శని ఆదివారాలు, 60 కిలోమీటర్ల చొప్పున తొక్కి చూడండి. ఆదివారం సాయంత్రం మీ ఒళ్ళు చెప్పేదే అసలు పరీక్షాఫలితం. వేగానికి కొలమానం చాలా సులువు. పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్లు. ముక్కలు ముక్కలుగా మాట్లాడుతున్నారంటే తగ్గించాలి.

డాక్టరుకు చూపించుకోవలసినదెవరు?

40 ఏళ్ళు దాటినవారు, రక్తపోటు, షుగరు, ఉబ్బసం, మూర్ఛ ఉన్నవారు, పొగతాగేవారు, తండ్రికో అన్నదమ్ములకో చిన్నవయసులోనే గుండెపోటు వచ్చినవారు యాత్రకు నెలరోజుల ముందే డాక్టరును కలవాలి. ఒక్క మాట గుర్తుంచుకోండి. కదలకుండా పడుకోబెట్టి తీసిన ఇ.సి.జి. బాగున్నంత మాత్రాన గుండె శ్రమకు తట్టుకుంటుందని పూచీ లేదు. అవసరమనుకుంటే డాక్టరు ట్రెడ్‌మిల్ పరీక్ష చేయిస్తారు. మెట్లెక్కినప్పుడు, వేగంగా నడిచినప్పుడు గుండెల్లో బరువుగా ఉండి, ఆగితే తగ్గిపోతున్నదా? అది గ్యాసని మీరు తీర్మానించవద్దు. ఆ సంగతి తేలేదాకా సైకిలు ఎక్కవద్దు.

షుగరు ఉన్నవారు వెళ్ళవచ్చునా?

వెళ్ళవచ్చు. సైకిలు తొక్కడం మధుమేహానికి మంచి మందులాంటిదే. అయితే మాత్రా, శ్రమా రెండూ కలిసి చక్కెరను మరీ దించేస్తే ప్రమాదం. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ ఇంజక్షన్లు వాడేవారికి ఈ బెడద ఎక్కువ. ఒక్క మెట్‌ఫార్మిన్ మాత్రమే వాడేవారికి తక్కువ. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు చక్కెరను మూత్రంలోంచి బయటికి పంపుతాయి. దానితోబాటు నీరూ పోతుంది. ఎండలో గంటలకొద్దీ తొక్కేవారు వీటి విషయం డాక్టరుతో తప్పక మాట్లాడాలి. ఏ మాత్ర తగ్గించాలో, ఏది ఆపాలో ఆయనే చెప్పాలి. పక్కింటాయన చెప్పాడనో, ఈ వ్యాసం చదివామనో మీ అంతట మీరు మార్చవద్దు.

రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, ఆకలి, దడ, చిరాకు, తలతిరుగుడు, మాట తడబాటు కనిపిస్తాయి. ఇప్పుడు ఆలోచించండి. సైకిలు తొక్కేవాడికి చెమట పట్టడం వింతా? చేతులు వణకడం వింతా? అలసిపోయాడులే అనుకుంటారు. "ఇంకో ఐదు కిలోమీటర్లే, రా" అంటారు. అతనికి షుగరు ఉందని తెలిసిన జట్టు వెంటనే ఆపి మూడు చెంచాల పంచదారో, గ్లూకోజో నీళ్ళలో కలిపి తాగిస్తుంది. తెలియని జట్టు లారీలు తిరిగే రోడ్డుమీద అతన్ని తొక్కిస్తుంది. దాచిపెట్టడానికీ, చెప్పడానికీ ఉన్న తేడా ఇదే.

కనుక షుగరు ఉన్నవారు చిన్న గ్లూకోమీటరు వెంట ఉంచుకోవాలి. బయలుదేరేముందు 100 కంటే తక్కువ ఉంటే ఏదైనా తిని బయలుదేరాలి. 250 దాటి, వాంతులో జ్వరమో కూడా ఉంటే ఆరోజు సైకిలు ముట్టుకోకూడదు, డాక్టరును కలవాలి. దారిలో రెండు గంటలకొకసారి పరీక్షించుకోవాలి. చక్కెర తగ్గితే పైన చెప్పినట్లు తీసుకుని, 15 నిమిషాలు ఆగి, మళ్ళీ పరీక్షించి, ఇంకా తక్కువగా ఉంటే మళ్ళీ తీసుకోవాలి. కుదుటపడ్డాక బిస్కెట్లో, అరటిపండో తినాలి. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏమీ పొయ్యకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చెయ్యాలి. మరొక సంగతి. బాగా శ్రమపడిన రోజున చక్కెర అర్ధరాత్రి కూడా పడిపోవచ్చు. అందుచేత పడుకునేముందు ఒకసారి చూసుకోవాలి, గదిలో ఒంటరిగా పడుకోకూడదు. అరికాళ్ళు రోజూ దీపం వెలుతురులో చూసుకోవాలి. స్పర్శ తగ్గిన పాదంలో బూటు కొరికిన సంగతి పుండయ్యేదాకా తెలియదు.

నీళ్ళు: తక్కువా వద్దు, ఎక్కువా వద్దు

డిసెంబరు, జనవరి నెలల్లో చల్లగా ఉంటుందికదా అని నీళ్ళు తాగడం మరిచిపోతారు. గాలికి చెమట ఆరిపోతుంది గనుక పోయినట్లే తెలియదు. గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు, దాహాన్ని బట్టి, గుక్కలు గుక్కలుగా తాగండి. మూత్రం ఎండుగడ్డి రంగులో ఉంటే సరిపోయినట్లు. ముదురు పసుపైతే చాలనట్లు. అలాగని లీటర్లకొద్దీ ఉత్త నీళ్ళు తాగడం కూడా అపాయమే. రక్తంలో ఉప్పు పలచబడి తలనొప్పి, వాంతులు, మతిభ్రమ, చివరకు మూర్ఛ కూడా రావచ్చు. ఉప్పేసిన మజ్జిగ, నిమ్మకాయనీళ్ళు మధ్యమధ్య తాగితే ఈ చిక్కు తగ్గుతుంది. రక్తపోటు ఉన్నవారు ఎంత ఉప్పు వాడాలో డాక్టరును అడగాలి. విరేచనాలు పట్టుకుంటే అంగట్లో దొరికే ఓ.ఆర్.ఎస్. పొట్లం మేలు. అది దొరకనప్పుడు లీటరు మంచినీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, తలకొట్టి కొలిచి కలుపుకోవాలి. ఆరోజు ప్రయాణం మాత్రం కట్టిపెట్టాలి.

స్త్రీలకు ప్రత్యేకంగా ఒక మాట. రోడ్డు పక్కన మరుగుదొడ్డి దొరకదనే భయంతో చాలామంది నీళ్ళు తాగడమే మానేస్తారు, మూత్రం బిగపట్టుకుంటారు. మంట, జ్వరం, మూత్రనాళాల జబ్బు దీనివల్లే వస్తాయి. ఏ పెట్రోలు బంకులో, ఏ హోటలులో ఆగాలో జట్టు ముందే చూసిపెట్టుకోవాలి. ఇది ఆడవాళ్ళు అడగవలసిన విషయం కాదు, జట్టు నాయకుడు అడగకుండానే ఏర్పాటు చెయ్యవలసిన విషయం. బహిష్టు రోజుల్లో సైకిలు తొక్కితే హాని ఏమీ లేదు. నొప్పి ఎక్కువుంటే విశ్రాంతి తీసుకోండి.

తిండి

ఆకలయ్యాక తినడం కాదు, ఆకలవకముందే తినాలి. ప్రతి ముప్పావుగంటకూ ఒక అరటిపండో, పల్లీపట్టీ ముక్కో, నాలుగు ఖర్జూరాలో నమలండి. ఉదయం ఇడ్లీ, ఉప్మా. మధ్యాహ్నం తేలిక భోజనం. దిగిన గంటలోగా పాలో, అరటిపండో, ఉడికించిన గుడ్డో తీసుకుంటే నిలవ త్వరగా నిండుతుంది. రాత్రికి అన్నం, పప్పు, పెరుగు. జహీరాబాదు దాటాక జొన్నరొట్టె బాగా దొరుకుతుంది, బలమైన ఆహారం. షోలాపూరు పల్లీ కారంపొడి మాత్రం కాస్త చూసుకుని వేసుకోండి. కొత్త ఊరి రుచులన్నీ విశ్రాంతి రోజుకు వాయిదా వెయ్యడం మంచిది. కోసి ఉంచిన పండ్లు, ఐసు ముక్కలు, ఊరూపేరూ లేని నీళ్ళు వద్దు. యాత్ర ముగిసేదాకా మద్యం బొత్తిగా వద్దు. అది నీటిని బయటికి తోడేస్తుంది, నిద్రను చెడగొడుతుంది, షుగరు మాత్రలు వాడేవారికి చక్కెరను పడదోస్తుంది.

చెప్పుకోలేని బాధలు

ఈ యాత్రల్లో ఎక్కువమందిని బాధించేది సీటు. ఒరుసుకుపోయి, చెమటకు నాని, తొడల సందున ఎర్రబడి, సెగ్గడ్డల వరకు వస్తుంది. ఎవరికీ చెప్పుకోరు. నివారణ కష్టం కాదు. మెత్త కుట్టిన సైకిలు నిక్కరు వేసుకోండి. దాని లోపల వేరే లోదుస్తులు వద్దు, ఆ కుట్లే ఒరిపిడికి మూలం. ఒరుసుకునేచోట వాసెలిన్ రాయండి. దిగగానే స్నానం చేసి పొడిగా తుడుచుకోండి. నిక్కరును రోజూ ఉతికి, పూర్తిగా ఆరినదే తొడగండి. అందుకే రెండుమూడు జతలు ఉండాలి. ఎర్రబడితే ఒకరోజు ఆగండి. చీము పడితే డాక్టరుకు చూపండి.

సీటువల్ల మర్మాంగాల దగ్గర తిమ్మిరెక్కడం మరొకటి. అక్కడి నరాలమీద ఒత్తిడి దానికి కారణం. సీటు ముక్కు పైకి లేచి ఉంటే సమంగా దించండి. పది పదిహేను నిమిషాలకొకసారి పెడళ్ళమీద లేచి అరనిమిషం నిలబడి తొక్కండి. ఆగిన తరవాత కూడా తిమ్మిరి పోకపోతే ప్రయాణం ఆపి డాక్టరును కలవాలి. ఇందులో సిగ్గుపడవలసిందేమీ లేదు.

చిటికెనవేలు, ఉంగరపువేలు మొద్దుబారితే హ్యాండిలుమీద అరచేతి అంచు బరువు మోస్తున్నదన్నమాట. చేతులు పట్టుకునే చోటు మారుస్తూ ఉండండి, మోచేతులు కొద్దిగా వంచండి, మెత్తటి చేతితొడుగులు వాడండి. మోకాలి ముందు భాగం నొప్పైతే సీటు తక్కువ ఎత్తులో ఉండవచ్చు, వెనకభాగం నొప్పైతే ఎక్కువ ఎత్తులో ఉండవచ్చు. మడమను పెడలుమీద ఉంచి కిందికంటా తొక్కినప్పుడు కాలు నిటారుగా సాగితే ఎత్తు సరిపోయినట్లు. గేర్లున్న సైకిలైతే ఎగువలో తేలిక గేరులో గబగబా తొక్కండి. బరువు గేరులో మూలుగుతూ తొక్కితే మోకాలు అరిగేది మీదే.

నొప్పిమాత్రలు మింగి తొక్కడం మాత్రం మహా చెడ్డ అలవాటు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. రక్తపోటుకు మాత్రలు వాడేవారికి మరింత ప్రమాదం. నొప్పి శరీరం వేసే కేక. దాని నోరు నొక్కి ముందుకు పోవద్దు.

దారి ప్రమాదాలు

శీతాకాలం తెల్లవారుజామున మంచు కమ్ముతుంది. వెలుతురు బాగా వచ్చాకే బయలుదేరి, మధ్యాహ్నానికి ముగించండి. చీకట్లో తొక్కవద్దు. తలకు హెల్మెటు, ఒంటికి మెరిసే చొక్కా, ఒకరి వెనక ఒకరు. పూనా నుంచి బొంబాయి వైపు పోయే ఎక్స్‌ప్రెస్ రోడ్డుమీద సైకిళ్ళను రానివ్వరు. పాత దారినే పోవాలి. సైకిళ్ళు ఏ ఘాటు దారిలో దిగాలో లోనావలాలో అడిగి తెలుసుకోండి. దాదాపు దారంతా పీఠభూమిమీద సాగిన యాత్ర, లోనావలా తరవాత ఒక్కసారిగా ఖోపోలీకి సుమారు 15 కిలోమీటర్లలో 500 మీటర్లకు పైగా దిగిపోతుంది. అలసిన చేతులతో, యాత్ర అయిపోతున్నదన్న తొందరతో దిగే దిగుడు ఇది. ముందురోజు సాయంత్రమే బ్రేకులు చూసుకోండి. రెండు బ్రేకులూ వాడండి. బిగపట్టి ఉంచక, నొక్కుతూ వదులుతూ దిగండి. రెండు మూడుచోట్ల ఆగి వేళ్ళకు విశ్రాంతినివ్వండి.

సైకిలు వెంట పరుగెత్తే కుక్కల సంగతి మీకు తెలిసిందే. కరిచినా, గీరినా ఆ చోటును పారే నీళ్ళకింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదేరోజు దగ్గరలోని ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్ళి రేబీస్ టీకా వేయించుకోవాలి. రక్తం వస్తే టీకాతో పాటు గాయంలోకి వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ మందు కూడా కావాలి. పసుపూ, సున్నమూ పెట్టవద్దు, కట్టు కట్టవద్దు. మిగిలిన డోసులు దారిలోని ఏ ప్రభుత్వ ఆస్పత్రిలోనైనా వేయించుకోవచ్చు, చీటీ జాగ్రత్తగా ఉంచుకోండి. ధనుర్వాతం టీకా వేయించుకుని పదేళ్ళు దాటితే బయలుదేరకముందే వేయించుకోండి.

వెంటనే ఆగవలసిన గుర్తులు

ఛాతీలో బరువు లేదా నొక్కినట్లుండడం, ఆ నొప్పి దవడకో చేతికో పాకడం, చల్లని చెమటలు, ఆగినా తగ్గని ఆయాసం, కళ్ళు తిరిగి పడిపోవడం: ఇవి గుండెకు సంబంధించినవి కావచ్చు. మనిషిని కదలకుండా కూర్చోబెట్టి 108కి ఫోను చెయ్యండి. ఈ దారిలోని నాలుగు రాష్ట్రాల్లోనూ ఆ నంబరే. ఒళ్ళు కాలిపోతూ, మాటలు తికమకగా మాట్లాడుతుంటే వడదెబ్బ. నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒంటినిండా నీళ్ళు పోస్తూ విసరండి. అంబులెన్సు వచ్చేదాకా చల్లబరచడం ఆపవద్దు. మూత్రం టీ డికాక్షను రంగులో వస్తే కండరాలు చితికి ఆ వ్యర్థం మూత్రపిండాలమీద పడుతున్నదన్నమాట. అదేరోజు ఆస్పత్రికి పోవాలి. జ్వరంతో ఎవరూ తొక్కకూడదు. వైరసు జ్వరాల్లో శ్రమపడితే గుండె కండరానికి వాపు రావచ్చు.

జట్టు చెయ్యవలసిన నాలుగు పనులు

ఒకటి. ప్రతివారూ తమ పేరు, వయసు, జబ్బులు, వాడే మందులు, పడని మందులు, ఇంటి ఫోను నంబరు ఒక కాగితంమీద రాసి జేబులో ఉంచుకోవాలి. దాని నకలు జట్టు నాయకుడి దగ్గర ఉండాలి.

రెండు. అందరికంటే నెమ్మదిగా తొక్కేవారిది ఎంత వేగమో, జట్టుది అంత వేగం. అందరికంటే బాగా తొక్కేవాడు ముందు కాదు, చివరన ఉండాలి.

మూడు. రోజూ ఉదయం లేవగానే, పక్కమీద ఉండగానే ఎవరి నాడి వారు చూసుకోవాలి. మామూలు కంటే నిమిషానికి పదిసార్లు ఎక్కువ కొట్టుకుంటుంటే ఒళ్ళు ఇంకా కోలుకోలేదన్నమాట. ఆరోజు దూరం తగ్గించాలి.

నాలుగు. రాత్రి భోజనాల దగ్గర నాయకుడు ఒక్కొక్కరిని పేరుపెట్టి అడగాలి. "బాగున్నావా?" అని కాదు. ఆ ప్రశ్నకు అందరూ బాగానే ఉన్నానంటారు. "మూత్రం ఏ రంగులో ఉంది? సీటు దగ్గర ఒరుసుకుందా? వేళ్ళు తిమ్మిరెక్కాయా? మందులు వేసుకున్నావా?" అని అడగాలి. మొదటిరోజు నవ్వుకుంటారు. మూడోరోజు నుంచి నిజం చెబుతారు. ఎవరైనా ఒకరోజు బస్సులో వస్తానంటే ఎగతాళి చెయ్యకూడదని బయలుదేరేముందే అందరూ ఒప్పుకోవాలి. సైకిలును బస్సు టాపుమీద వేసి తరవాతి మజిలీలో కలుసుకుంటే పరువేమీ పోదు.

ఇంటికి వచ్చాక వారంరోజులు పూర్తి విశ్రాంతి వద్దు, రోజూ కాస్త నడవండి. షుగరు మాత్రల మోతాదు తగ్గించి ఉంటే మళ్ళీ ఎప్పుడు, ఎంత వేసుకోవాలో డాక్టరును అడగండి. శ్రమ తగ్గాక చక్కెర తిరిగి పెరుగుతుంది. పిక్క వాచినా, ఆయాసం మిగిలినా, తిమ్మిర్లు తగ్గకపోయినా ఉపేక్షించవద్దు. అలవాటైన సైకిలును తిరిగి వసారా మూలకు చేర్చకండి. వారానికి ఐదురోజులు, అరగంట చొప్పున ఊళ్ళోనే తొక్కండి. ఏడాదికొకసారి సముద్రం చూసిరావడం కంటే మీ గుండెకు అదే ఎక్కువ మేలు చేస్తుంది.